దోషం నాలుకదా, చెవిదా?

తెలుగు వల్ల మన పిల్లల ఇంగ్లీషు చెడిపోతున్నదనే వాదం కొంతకాలంగా బలంగా ప్రచారమవుతున్నది. ఈ వాదం చేసేవారు మూడు రకాలు. మొదటివారు ఇంగ్లీషును సరుకు చేసి అమ్ముకునేవారు. రెండవవారు పాలకులు, మంచి ఉపాధ్యాయుణ్ణి ఇవ్వటం కంటె మాధ్యమం పేరు మార్చటం చౌక అని వారికి బాగా తెలుసు. మూడవవారు మన మిత్రులే. సభలో మాతృభాష మీద గంటసేపు మాట్లాడి, ఇంటికి పోయి కొడుకును 'ఆ తెలుగు యాసేమిట్రా' అని కసిరేవారు. మొదటి ఇద్దరి ప్రయోజనం ఏమిటో తెలుస్తూనే వుంది. ఈ మూడవవారి గురించే నా బాధ.

ముగ్గురి వాదనా ఒక్కటే. మొదటి భాష నాలుకకు పట్టిన తుప్పు. దాన్ని ఎంత తొందరగా గీకేస్తే రెండవ భాష అంత శుభ్రంగా పలుకుతుంది. ఇందులో అర్ధసత్యం వుంది. అర్ధసత్యాన్ని ఒట్టి అబద్ధమని కొట్టివేస్తే అది మరింత బలపడుతుంది. కనుక నిజమెంతో, అబద్ధమెంతో వేరు చేసి చూడవలసివుంది. నేను అన్నవరం వాణ్ణి. ఆ చుట్టుపక్కల బడులలో ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. విన్నదీ చదివిందీ కలిపి నా వాదన చెబుతాను.

1

మొదటి భాష రెండవ భాష ధ్వనుల మీద ప్రభావం చూపుతుందా? తప్పకుండా చూపుతుంది. తుని నుంచి రాజమండ్రి దాకా ఏ బడిలోనైనా వినవచ్చు. 'ఎగ్' అనవలసినచోట పిల్లవాడు 'యెగ్గు' అంటాడు. 'ఓల్డ్' అనవలసినచోట 'వోల్డు' అంటాడు. ఇది సోమరితనమూ కాదు, తెలివితక్కువా కాదు. మాట మొదట ఎకారం వస్తే దాని ముందు యకారపు ఛాయనూ, ఒకారం వస్తే వకారపు ఛాయనూ చేర్చి పలకటం తెలుగు నోటికి సహజం. మన పాత అచ్చు పుస్తకాలలో 'యెందుకు', 'వొక' అని కనబడటానికి కారణం ఇదే. తెలుగు అజంత భాష కూడాను. చివర అచ్చు లేకపోతే మన చెవికి మాట పూర్తి అయినట్టు వుండదు. అందుకే బస్ బస్సు అయింది, రోడ్ రోడ్డు అయింది, కార్ కారు అయింది.

ఇంగ్లీషు 'టీ' సంగతి చూడండి. ఆ ధ్వని నాలుక కొన పైపళ్ళ వెనుక చిగురును తాకితే పుడుతుంది. మన తకారానికి నాలుక పళ్ళను తాకుతుంది; టకారానికి వెనక్కి మడతపడుతుంది. ఈ రెంటికీ నడుమ వున్న చోటు మనకు ఖాళీ. అందువల్ల ఇంగ్లీషువాడి ధ్వనిని మనం టకారం ఖాతాలో జమకట్టుకున్నాం. విచిత్రమేమంటే, ఆ నడిమి ధ్వని ద్రావిడ భాషల మూలభాషలో వుండేదని భాషాచరిత్రకారులు తేల్చారు. మలయాళంలో అది జంటగా వచ్చినచోట నేటికీ వినబడుతుంది. తెలుగులో ఒంటిగా వున్నచోట బండిరగా మారి, తరువాత మామూలు రకారంలో కలిసిపోయింది. జంటగా వున్నచోట టకారమయింది. తమిళంలో 'చుఱ్ఱు' మనకు 'చుట్టు' కావటం, అక్కడి 'పుఱ్ఱు' మనకు 'పుట్ట' కావటం ఈ మార్పు ఫలితమే. అంటే ఎన్నో శతాబ్దాల కిందట మన పూర్వులు సొంత ధ్వనికి చేసిన పనినే మన పిల్లవాడు ఈనాడు పరాయి ధ్వనికి చేస్తున్నాడు.

దీనికి శాస్త్రం వుంది. రష్యా విప్లవం తరువాత దేశం విడిచిపోయిన రాచబిడ్డ నికొలాయ్ త్రుబెత్స్కోయ్. ఆయన మరణించిన మరుసటి ఏడు, 1939లో, అచ్చయిన గ్రంథంలో మాతృభాష ధ్వనివ్యవస్థను జల్లెడతో పోల్చాడు. పరాయిమాట ముందుగా ఆ జల్లెడలో పడుతుంది. దాని కన్నాలకు సరిపడిన తేడాలే మనకు అందుతాయి. కాబట్టి చిక్కు నాలుక దగ్గర మొదలు కాదు, చెవి దగ్గర మొదలవుతుంది. జపాను భాషలో హల్లుమీద హల్లు ఇష్టమొచ్చినట్టు రాదు. 1999లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో 'ఎబ్జో' అనే అర్థంలేని మాటను జపానువారికి వినిపిస్తే, మధ్యలో ఉకారం లేకపోయినా 'ఎబుజో' అనే విన్నారు. వారి నోరు ఇంకా కదలనే లేదు. చెవే అచ్చును చేర్చుకున్నది.

ఈ జల్లెడ బీదవాళ్ళకే వుంటుందనీ, తెలుగువాళ్ళకే వుంటుందనీ ఎవరూ అనుకోవద్దు. మన 'పాట', 'పాత' ఇంగ్లీషువాడి చెవికి ఇంచుమించు ఒకటే. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ పసిపిల్లల మీద చేసిన ప్రయోగం ప్రసిద్ధమైనది. ఇంగ్లీషు ఇళ్ళల్లో పుట్టిన ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు హిందీలోని త, ట ల తేడాను గుర్తుపట్టారు. పది పన్నెండు నెలలు వచ్చేసరికి ఎక్కువమంది ఆ తేడాను పట్టలేకపోయారు. ఇంట్లో పనికివచ్చే తేడాలకు చెవి పదునెక్కింది, పనికిరాని తేడాలకు మొద్దుబారింది. మన పిల్లవాడికి ఇంగ్లీషులోని రెండు వకారాలు ఒక్కటిగా వినబడటమూ, ఇంగ్లీషు పిల్లవాడికి మన త, ట లు ఒక్కటిగా వినబడటమూ ఒకే నియమం. ఈ నియమానికి కులమూ లేదు, ధనమూ లేదు.

2

నియమం ఒక్కటే అయినప్పుడు తీర్పు కూడా ఒక్కటే కావాలి గదా! కావటం లేదు. మా రత్నగిరి మీదనే చూపిస్తాను.

1891లో ఆలయం వెలసిన ఆ కొండమీద సత్యనారాయణ వ్రతాలు జరిగే మండపంలో కూర్చుని వినండి. అక్కడ వినబడే సంస్కృతం తెలుగు నోటి సంస్కృతం. 'జ్ఞ'ను మనం ఒక విధంగా పలుకుతాం. హిందీవారు 'గ్య' అంటారు, మరాఠీవారు 'ద్న్య' అంటారు. 'ఋషి' మనకు 'రుషి', కాశీ పండితుడికి 'రిషి'. ఇక 'ఫలం' సంగతి. సంస్కృతంలో ఫకారమంటే పకారం మీద ఒత్తు. రెండు పెదవులూ మూసి తెరవాలి. మన చదువుకున్నవారిలో చాలామంది కింది పెదవికి పైపళ్ళు ఆనించి, కాఫీలోని ఫకారంలాగే పలుకుతారు. ఉర్దూ నుంచీ ఇంగ్లీషు నుంచీ నేర్చుకున్న ధ్వనితో దేవుడికి ఫలం సమర్పిస్తున్నామన్నమాట! ఇందులో నాకు ఆక్షేపణ ఏమీ లేదు. దీన్ని ఎవరూ ఉచ్చారణ దోషమని అనకపోవటాన్నే మీ దృష్టికి తెస్తున్నాను.

వ్యాకరణాల మాట కూడా ఇదే. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి సంస్కృతానికి యాభై వర్ణాలనీ, తెలుగుకు ముప్ఫైఆరేననీ లెక్కకట్టాడు. ఒత్తక్షరాలు అచ్చతెలుగు సొత్తు కావని పండితులందరికీ తెలుసు. 'భాష' 'బాస' అయింది, 'ముఖం' 'మొగం' అయింది, 'అగ్ని' 'అగ్గి' అయింది, 'యాత్ర' 'జాతర' అయింది. పండితులు వీటికి తద్భవాలని పేరుపెట్టి, కావ్యాలలో పీటవేసి కూర్చోబెట్టారు. తద్భవమంటే ఏమిటి? మొదటి భాష జల్లెడలో పడి బయటికి వచ్చిన రెండవ భాష మాట. ఆ మాటనే ఈనాడు నాట్లు వేసే కూలి మనిషి 'బాస' అని పలికితే, పంతులుగారు నవ్వుతారు. కవి నోట తద్భవం, కూలి నోట అపభ్రంశం! 'హాస్పిటల్' 'ఆసుపత్రి' అయి సర్కారు బోర్డు ఎక్కింది. 'స్టేషన్' 'టేసను' అయితే సినిమాలో హాస్యపాత్రకు అప్పగించారు. రెండు మాటలనూ అదే నోరు, అదే పద్ధతిలో మలిచింది.

ఇంకొక ఉదాహరణ. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళు సెలవులకు వచ్చి కొండమీద వ్రతం చేయించుకుంటారు. అక్కడ పెరిగిన పిల్లవాడు 'తాత' అనబోయి 'టాటా' అంటాడు. ఒత్తులు, ళకారాలు వాడి నోట పలకవు. వాడి మొదటి భాష ఇప్పుడు ఇంగ్లీషు; అది వాడి తెలుగును మలుస్తున్నది. ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. అదే కొండ కింద దుకాణంలో పనిచేసే మనిషి కొడుకు 'వెస్ట్', 'వెస్ట్' అని రెండు వేరువేరు ఇంగ్లీషు మాటలను ఒకేలా పలికితే వాడికి చదువు రాదని తేల్చేస్తారు. ఒక పిల్లవాడికి ముద్దు, ఇంకొక పిల్లవాడికి మొట్టికాయ! శాస్త్రం ఇద్దరికీ ఒకటే. తేడా ఎక్కడినుంచి వచ్చింది?

తేడా అధికారం నుంచి వచ్చింది. షా 'పిగ్మేలియన్' నాటకం 1914లో లండన్‌లో ఆడింది. అందులో పూలమ్ముకునే పిల్లకూ ధ్వనిశాస్త్ర పండితుడికీ మాతృభాష ఇంగ్లీషే. అయినా ఆమె పలుకు మురికి అయింది, ఆయన పలుకు ప్రమాణమయింది. పరాయిభాష ప్రసక్తే లేనిచోట కూడా యాస వెక్కిరింతకు గురి అయిందంటే, వెక్కిరింతకు మూలం మాతృభాష ప్రభావం కాదని తేలుతున్నది. బైబిలులో న్యాయాధిపతుల గ్రంథంలో ఒక కథ వుంది. యొర్దాను రేవు దాటేవాణ్ణి ఆపి 'షిబ్బోలెతు' అనమంటారు. షకారం పలకక 'సిబ్బోలెతు' అన్నవాణ్ణి చంపేస్తారు. అలా పడిపోయినవారు నలభైరెండు వేలమంది అని ఆ గ్రంథం చెబుతుంది. ష, స ల తేడా ఆ రేవులో ప్రాణం ఖరీదు చేసింది. మనకాలంలో ఉద్యోగం ఖరీదు చేస్తున్నది.

3

నా దగ్గర చదువుకున్న ఒక కౌలురైతు కొడుకు లెక్కలలో దిట్ట. ఇంజనీరింగు ముగించి హైదరాబాదులో ఒక కంపెనీకి పోయాడు. రాతపరీక్షలో నెగ్గాడు. మాటల పరీక్షలో పోయాడు. కారణమడిగితే 'ఎం.టి.ఐ.' అన్నారట. అంటే మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్, మాతృభాషా ప్రభావం. ఆ వ్యాపారంలో ఇది మామూలు మాట. క్షయకూ మలేరియాకూ పొట్టిపేర్లు పెట్టినట్టు, తల్లిభాషకు కూడా రోగం పేరు పెట్టారు. ఆ కుర్రవాడు చెప్పింది వారికి అర్థం కాక కాదు. ప్రశ్నలన్నిటికీ జవాబు విన్న తరువాతనే తోసివేశారు.

యాసను కడిగివేసే తరగతులు నడిపి, కాల్‌సెంటర్లలో రాత్రిళ్ళు అమెరికా నోటితో మాట్లాడించిన రోజులు మనం చూశాం. ఇప్పుడు ఆ శ్రమ కూడా మిగుల్చుకుంటున్నారు. టెలిపర్‌ఫార్మెన్స్ అనే ఫ్రెంచి కంపెనీ భారతీయ ఉద్యోగుల యాసను మాట్లాడుతుండగానే యంత్రంతో మెత్తబరిచే ఏర్పాటు చేస్తున్నట్టు 2025లో పత్రికలలో వచ్చింది. కార్మికుడి చేతి పని కొన్నారు, బుర్ర పని కొన్నారు. నోట్లోని ఊరి గుర్తును మాత్రం కొనుగోలుదారుకు వినబడకుండా చెరిపి అమ్ముతున్నారు. జల్లెడ కొనేవాడి చెవిలోనూ వుంది. కాని ఆ చెవికి తర్ఫీదు ఇవ్వాలని ఏ కంపెనీ అయినా అన్నదా? రెండు చెవులకూ రెండు నాలుకలకూ నడుమ వున్న ఇబ్బంది భారాన్ని అంతా జీతం తీసుకునేవాడి నాలుక మీదనే మోపారు. దోషం నాలుకదా, చెవిదా అని నేను అడగటం ఇందుకే.

4

ఇక వారు చెప్పే చికిత్స. తెలుగును బడిలో నిషేధిస్తే ఇంగ్లీషు శుద్ధంగా వస్తుందంటారు. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో ఇకమీద తెలుగు మాట్లాడనని రాసిన పలకలు వేలాడదీసిన ఘోరం పత్రికలకెక్కింది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 81, 85 నంబర్ల ఉత్తర్వులతో సర్కారు బడులను ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చబూనింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ రెంటినీ కొట్టివేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇంగ్లీషు కావాలని దళిత, బహుజన తల్లిదండ్రులు అడగటంలో సంపూర్ణమైన న్యాయం వుంది. తమ పిల్లలను కాన్వెంట్లకు పంపుతూ, కూలివాడి పిల్లలకు తెలుగు తియ్యదనం బోధించే పెద్దమనుషుల భాషాభిమానాన్ని వారు నమ్మకపోవటం సబబే. కాని వారు అడుగుతున్నది ఇంగ్లీషు. వారికి ఇస్తున్నది తెలుగులేమి. ఈ రెండూ ఒకటి కావు.

ఎందువల్ల? వెర్కర్, టీస్ ప్రయోగాన్ని మళ్ళీ గుర్తుచేసుకోండి. చెవి ఇంటిభాషకు పదునెక్కటం మొదటి పుట్టినరోజు లోపలే చాలావరకు సాగుతుంది. అమ్మ ఒడిలో పది నెలలకు జరిగిన పనిని ఒకటో తరగతిలో జరిమానా వేసి వెనక్కి తిప్పగలరా? పసితనం నుంచీ ఇంగ్లీషువారి మధ్య పెరిగిన పిల్లవాడికి ఆ పలుకుబడి వస్తుంది, నిజమే. కాని మన బడిలో వాడికి ఇంగ్లీషు వినిపించేది ఎవరు? తెలుగు జల్లెడలోనుంచి ఇంగ్లీషు నేర్చుకున్న నాబోటి ఉపాధ్యాయుడు. నా నోటి ఇంగ్లీషే వాడికి ప్రమాణం. అన్ని పాఠాలనూ ఇంగ్లీషులో చెప్పినా ఆ ప్రమాణం మారదు. మారేది ఒక్కటే: ఆవిరి ఎందుకు పుడుతుందో, పంపానదిలో నీరు ఎటు పారుతుందో అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు పోతుంది.

తెలుగు పాలకభాష అయినచోట మనవాళ్ళూ ఇదే పని చేశారు. మా మైదానం దాటి రంపచోడవరం మన్యంలోకి పోతే, కోయపిల్లవాడికి తెలుగు రెండవ భాష. వాడి తెలుగు పలుకును వెక్కిరించిన పంతుళ్ళు అక్కడ కొదవలేదు. ఇంగ్లీషు చేతిలో మనం తింటున్న దెబ్బను మనం కోయబిడ్డమీద వేస్తున్నాం. దీనికి విరుగుడు కూడా మనవాళ్ళలోనే వుంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా వున్న గిడుగు రామమూర్తి సవరల భాషను వారి నోటినుంచి నేర్చుకున్నాడు. తెలుగు చెవికి కొత్తవైన ధ్వనులను ఓపికతో పట్టుకుని రాశాడు. సవరపిల్లల కోసం వారి భాషలో వాచకాలు తయారుచేశాడు. ఆయన సవరభాషా వ్యాకరణగ్రంథం 1931లో వచ్చింది. సవరవాణ్ణి నోరు మార్చుకొమ్మనటానికి ముందు తన చెవిని మార్చుకున్న పంతులు ఆయన.

5

మన పక్షంలోని తప్పుదారి ఒకదాన్ని కూడా ఖండించాలి. 'ఉచ్చారణ నేర్పటమే సామ్రాజ్యవాదం. పిల్లలు ఎట్లా పలికితే అట్లాగే సరి' అని కొందరు యువమిత్రులు అంటున్నారు. వినటానికి విప్లవంగా వున్నా, ఇది బీదపిల్లవాణ్ణి వున్నచోటనే వుంచే మాట. కలవాడి పిల్లకు ఉచ్చారణ ఇంట్లో వస్తుంది, ప్రయాణాల్లో వస్తుంది. బడి తప్ప వేరే దిక్కు లేనివాడికి బడిలో నేర్పకపోతే ఎక్కడ వస్తుంది? వేదపాఠశాలలను చూడండి. మొదటి భాష తెలుగే అయిన పిల్లలు ఏళ్ళ తరబడి పదం పదం తిరగేసి వల్లెవేసి, స్వరాలూ ఒత్తులూ తప్పకుండా పలుకుతున్నారు. మంచి గురువు, తగిన కాలం, అభ్యాసం వుంటే నాలుక లొంగుతుందని దీనివల్ల తెలుస్తున్నది. ఆ అభ్యాసాన్ని శ్రమజీవుల కులాలకూ స్త్రీలకూ శతాబ్దాలపాటు నిషేధించి, తరువాత వారి నోరు తిరగదని నవ్వటం మన సమాజం చేసిన అన్యాయం. ఇంగ్లీషు విషయంలో ఆ అన్యాయాన్ని మనమే తిరిగి రాయకూడదు.

మార్క్సిజం పేరు చెప్పుకునేవారికి ఇంకొక పాఠం. ఎవ్గెనీ పొలివానొవ్ బోల్షివిక్ పక్షాన నిలిచిన భాషాశాస్త్రవేత్త. త్రుబెత్స్కోయ్ గ్రంథం రావటానికి ముందే, 1931లో, పరాయిభాష ధ్వనులను మాతృభాష అలవాటుతోనే వింటామని వ్యాసం రాశాడు. రాచబిడ్డా విప్లవకారుడూ ఒకే నిజానికి చేరారు. 1929లో పొలివానొవ్, అప్పటికి అధికార సిద్ధాంతమైపోయిన మార్ వాదాన్ని బహిరంగంగా ఎదిరించాడు. భాష వర్గస్వభావం గల ఉపరితల నిర్మాణమని మార్ వాదం. పొలివానొవ్ పదవులు పోయాయి. 1938 జనవరిలో కాల్చిచంపారు. 1950లో స్టాలినే మార్ వాదం తప్పని ప్రావ్దాలో రాశాడు. అప్పటికి నిజం చెప్పినవాడు చనిపోయి పన్నెండేళ్ళు. 1963లో గాని ఆయన నిర్దోషి అని ప్రకటించలేదు. ఈ చేదునిజాన్ని మనం దాచుకోకూడదు. దానినుంచి ఒక విచక్షణ నేర్చుకోవాలి. ధ్వనికి వర్గం లేదు; టకారం భూస్వామిదీ కాదు, కూలిదీ కాదు. ధ్వనిమీద ఇచ్చే తీర్పుకు వర్గం వుంది. ఈ రెంటినీ కలగాపులగం చేస్తే శాస్త్రమూ పోతుంది, పోరాటమూ పోతుంది.

6

అయితే ఏం చేయాలి? తరగతి గదిలో పరీక్షించి చూసిన సంగతులు కొన్ని చెబుతాను.

తెలుగు అడ్డమే కాదు, అక్కరకు వచ్చే ఆస్తి కూడాను. 'బ్యాంక్', 'క్యాట్' లోని అచ్చు మనకు రాదని వాచకాలు బెదిరిస్తాయి. కాని 'మేక' అనండి. ఆ మొదటి అచ్చు 'మేము'లోని ఏకారం కాదు. గోదావరి మనిషి 'వచ్చాడు' అన్నప్పుడు చకారం తరువాత పలికేది 'చాప'లోని ఆకారం కాదు. ఇంగ్లీషుకు కావలసిన ఆ వెడల్పు అచ్చు పిల్లవాడి నోట్లో పుట్టుకతో వుంది. మన లిపి దానికి వేరే అక్షరం ఇవ్వలేదు కనుక పంతులుకు కనబడదు. 'మేక'తో మొదలుపెట్టిన రోజున 'క్యాట్' పది నిమిషాలలో వచ్చింది. హ్రస్వదీర్ఘాల తేడా మనకు ఉగ్గుపాలతో వచ్చింది. ఓడ అనే అర్థం గల 'షిప్'కూ, గొర్రె అనే అర్థం గల 'షీప్'కూ దానితో వంతెన వేయవచ్చు. ఇంగ్లీషువాడు మాట మొదటి పకారాన్ని కొంచెం ఒత్తి పలుకుతాడు. మనం ఒత్తకుండా 'పిన్' అంటే వాడి చెవికి 'బిన్' లాగా వినబడవచ్చు. మన ఒత్తక్షరాలను ఇక్కడ ఉపయోగించుకోవచ్చు.

ఏది కష్టమో, ఏది సులభమో కూడా తెలియాలి. 1995లో జేమ్స్ ఫ్లీజ్ అనే శాస్త్రవేత్త చెప్పిన సిద్ధాంతం ప్రకారం, పూర్తిగా కొత్తదైన ధ్వని కంటె, మన ధ్వనికి దగ్గరగా వుండి వేరైన ధ్వనిని పట్టుకోవటం కష్టం. కాఫీలోని ఫకారం మనకు కొత్తది. ఎంత బాగా వచ్చిందంటే 'ఫలం'లోకి కూడా చొరబడింది. ఇంగ్లీషు 'టీ' మన టకారానికి దగ్గరిది. అందుకే ఎమ్మే చదివినా మారదు. మారకపోయినా మునిగిపోయేదేమీ లేదు. మన 'టీ'ని విని అర్థం చేసుకోలేనివాడు అరుదు. 1969లో హైదరాబాదు కేంద్ర ఆంగ్ల సంస్థ నుంచి వచ్చిన ఆర్.కె. బన్సల్ పరిశోధన, భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు అర్థం కాకపోవటానికి ఊనిక తప్పటం ముఖ్యమైన కారణమని చూపింది. 'ఫోటోగ్రాఫ్'లో ఊనిక మొదటి భాగం మీద, 'ఫోటోగ్రఫీ'లో రెండవ భాగం మీద. తెలుగులో మాట ఊనిక అర్థాన్ని మార్చదు కనుక మన చెవి దాన్ని పట్టించుకోదు. మన బడులలో ఊనిక గురించి ఒక్క పాఠం చెప్పరు. 'టీ' గురించి మాత్రం నవ్వుతారు.

కనుక ఉపాధ్యాయ శిక్షణాలయాలలో ఇంగ్లీషు చెప్పబోయే ప్రతివారికీ తెలుగు ధ్వనుల శాస్త్రం ముందుగా నేర్పాలి. మన్యంలో పనిచేసేవారికి అక్కడి భాష ధ్వనులు నేర్పాలి. నోటికి పనిచెప్పే ముందు చెవికి పనిచెప్పాలి: రెండు మాటలు వినిపించి, ఒకటేనా వేరా అని అడగాలి, పిల్లవాడు తేడా విన్న తరువాతనే పలికించాలి. 'బస్సు' తెలుగు వాక్యంలో తప్పు కాదనీ, ఇంగ్లీషు వాక్యంలో ఆ ఉకారం వదిలివేయాలనీ చెప్పాలి. రెండు ఇళ్ళకు రెండు మర్యాదలని పిల్లలు సులభంగా గ్రహిస్తారు. మాతృభాష మాట్లాడినందుకు జరిమానా వేసే బడిమీద విద్యార్థి సంఘాలు ఊరుకోకూడదు. యాస కారణంగా ఉద్యోగం నిరాకరించటాన్ని కార్మిక సంఘాలు తమ కోర్కెల పట్టీలో చేర్చాలి.

విద్యార్థి మిత్రులారా, ఇంటర్వ్యూలో మీ యాసను రోగమన్నవాణ్ణి, నా మాటలో మీకు అర్థం కానిది ఏమిటో చెప్పండి అని అడగండి. ఉపాధ్యాయ మిత్రులారా, మన పని ఇంకా కష్టమైనది. పిల్లవాడు 'యెగ్గు' అన్నప్పుడు తరగతిలో నవ్వు పుడుతుంది. ఆ నవ్వును ఆపి, వాడు ఎందుకలా అన్నాడో అందరికీ బల్లమీద రాసి వివరించండి. నవ్వినవాళ్ళూ ఇంట్లో 'యెందుకు' అనే అంటారని గుర్తుచేయండి. తరువాత 'ఎగ్' నేర్పండి.